నురగలో అల్లుడు

ఆ ఇంట్లో ఏ కొత్త సరుకైనా అల్లుడి ఒంటి మీదుగానే బజారుకు వెళ్ళాలి. సబ్బు కావచ్చు, స్నానపు నూనె కావచ్చు, నీళ్ళలో కలుపుకునే రంగు ఉప్పు కావచ్చు. మామగారు కింద కార్ఖానాలో కలిపి, సీసాలో పోసి, మేడ మీదికి పంపేవారు. అల్లుడు స్నానం చేసి, తల తుడుచుకుంటూ దిగివచ్చి, "బాగుంది మామయ్యా" అనేవాడు. ఆ మాట పడ్డాకే మిగతా సీసాలకు మూతలు పడేవి.

వాటిలో కొన్ని నిజంగానే బాగుండేవి. కొన్ని మండేవి. నిమ్మ సబ్బు దెబ్బకి వీపంతా ఎర్రబడి, పాపం, బోర్లా పడుకుని నిద్రపోయాడు. అయినా పొద్దున్న బాగుందనే చెప్పాడు. మొహమాటం మీద మనవాళ్ళకో మోటు సామెత ఉంది. అది ఇక్కడ చెప్పడానికి వీల్లేదు గానీ, ఈ అల్లుణ్ణి చూసే ఎవరో పుట్టించి ఉంటారు.

పెళ్ళైన కొత్తలో "అద్దె ఇల్లు దొరికేదాకా ఇక్కడే ఉండండి" అన్నారు మామగారు. ఇల్లు దొరికినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పడింది. ఒకసారి అత్తగారికి మోకాలు వాచింది. ఒకసారి కార్ఖానాలోకి కొత్త యంత్రం వచ్చింది, దాన్ని నడపడం అల్లుడికి తప్ప ఎవరికీ రాలేదు. ఇంకోసారి ఏ అడ్డమూ రాలేదు, అల్లుడికే నోరు పెగల్లేదు. చూస్తూ చూస్తూ ఏళ్ళు గడిచిపోయాయి. వీధిలో అతనికి వేరే పేరంటూ మిగల్లేదు. పనివాళ్ళకు అల్లుడుగారు, పాలవాడికి అల్లుడుగారు, ఎదురింటి పిల్లలకు అల్లుడంకుల్.

చివరికి అతని భార్యే తెగించింది. రెండు వీధుల అవతల ఒక వాటా చూసి, వస్తామని మాట ఇచ్చేసింది. చిన్న ఇల్లే గానీ, కిటికీ తెరిస్తే ఏ వాసనా లేని గాలి వస్తుంది.

"ఆదివారం పొద్దున్న బండి వస్తుంది. ఈలోపు నాన్నకి నువ్వే చెప్పాలి" అంది.

"మీ నాన్నేగా, నువ్వే చెప్పొచ్చుగా?"

"నేను చెబితే ఏడుస్తాడు. నువ్వు చెబితే కోప్పడతాడు. కోపం తగ్గుతుంది, ఏడుపు తగ్గదు." ఆమె చీర మడత పెట్టడం ఆపి అతని వైపు చూసింది. "చెప్పలేదనుకో, బండి నేనొక్కదాన్నే ఎక్కుతా."

ఆమె అన్న మాట తప్పే మనిషి కాదు.

సరిగ్గా ఆ వారమే మేడ మీదికి హాట్ టబ్ వచ్చింది. నలుగురు కూర్చోగలిగే వేడినీళ్ళ తొట్టి అది. మీట నొక్కితే పక్కల నుంచి నీళ్ళు బుసకొడుతూ వచ్చి వీపుకు తగులుతాయి. ఊరి చివరి హోటలాయన తన గదుల్లో ఇలాంటివి పెట్టించాడట. వాటిలో వేసుకునే పరిమళం ఏదైనా చేసిపెట్టగలరా అని మామగారిని అడిగాడు. చేతకాదనే మాట మామగారి నిఘంటువులో లేదు. ఎవరో వాడి వదిలేసిన తొట్టి ఒకటి తెప్పించి, డాబా మీద పెట్టించారు.

బిగించడానికి వచ్చిన మెకానిక్ పోతూ పోతూ అందరికీ వినబడేలా చెప్పాడు. "ఇందులో క్లోరిన్ మందు తప్ప ఇంకేం వెయ్యకండి సార్. మామూలు స్నానం తొట్టైతే నీళ్ళు వాడాక వదిలేస్తాం. ఇందులో అవే నీళ్ళు రోజుల తరబడి తిరుగుతుంటాయి. సబ్బేస్తే నురగ పొంగుతుంది. నూనేస్తే ఫిల్టర్ మూసుకుపోతుంది, మందు పనిచెయ్యదు, నీళ్ళు పాడైపోతాయి. ఒళ్ళు కడుక్కుని దిగాలి గానీ, దిగి ఒళ్ళు కడుక్కోకూడదు."

"సరే సరే" అన్నారు మామగారు. అతను మెట్లు దిగాక మీసం కింద నవ్వుకున్నారు. "సబ్బులవాడి ఇంటికొచ్చి సబ్బు వెయ్యొద్దంటాడు! తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే."

ఆ సాయంత్రమే అల్లుడు నిక్కరుతో తొట్లోకి దిగాడు. వెచ్చగా హాయిగా ఉంది. మామగారు మంచి ఉషారుగా ఉన్నారు. చెబితే ఇప్పుడే చెప్పాలనుకున్నాడు. మామగారు సీసాలోంచి మూతెడు పోసి మీట నొక్కారు. నురగ ముందు నీళ్ళ మీద పొరలా పరుచుకుంది, చూస్తుండగానే ఛాతీ దాటింది, గడ్డం అందుకుంది. "మామయ్యా, ఒక మాట..." అని నోరు తెరిచాడు. నోట్లోకి నురగ పోయింది. నురగ తొట్టి అంచు దాటింది, డాబా అంతా పరుచుకుంది, పిట్టగోడ మీది నుంచి వీధిలోకి జారింది. "అల్లుడంకుల్ పొంగిపోతున్నాడు!" అని కింద పిల్లలు గంతులేశారు.

"ఎలా ఉంది అల్లుడూ?" మామగారు నురగలో అతని మొహం కోసం వెతుక్కుంటూ అడిగారు.

"బాగుంది మామయ్యా" అంది నురగ.

మర్నాటి నుంచి మామగారు నురగ తగ్గించి నూనె పెంచారు. నీళ్ళు మాత్రం మార్చలేదు. "కాగిన నీళ్ళు ఎవడైనా పారబోస్తాడా?" అన్నారు. క్లోరిన్ వెయ్యడం కూడా మానిపించారు, దాని కంపు తన పరిమళాన్ని చంపేస్తోందట. రోజూ సాయంత్రం అల్లుడు అందులో దిగాడు, రోజూ బాగుందన్నాడు. నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. అంచు వెంట వేలు పెడితే జిడ్డు చారలు తేలేవి. లేచేటప్పుడు కాలు జారి ఒకసారి పడబోయాడు.

వారం సగం గడిచేసరికి నడుం చుట్టూ, తొడల మీదా ఎర్రటి పొక్కులు లేచాయి. కొన్ని చీము పట్టాయి. కార్ఖానాలో డ్రమ్ముల వెనక్కి వెళ్ళి గోక్కునేవాడు. భార్యకు కనబడకుండా చీకట్లో చొక్కా మార్చుకునేవాడు. చూపిస్తే "నాన్నకి చెప్పు" అంటుంది. పొక్కుల సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోవడం తన వల్ల కాదని అతనికి తెలుసు. ఒక మాట నోరు దాటిందంటే, ఇన్నేళ్ళుగా మింగినవన్నీ దాని వెనకే వచ్చేస్తాయి. చెబితే ఒక తంటా, చెప్పకపోతే ఒక తంటా. అడకత్తెరలో పోకచెక్క బతుకైపోయింది.

శనివారం మధ్యాహ్నం మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని డాబా మీదికి వచ్చారు. "హోటలాయన ఇంకాసేపట్లో వస్తాడు. నువ్వు తొట్లో కూర్చుని నవ్వుతూ ఉండు. ఆయన మెట్లెక్కగానే బాగుందను, చాలు. నీ మాటంటే ఆయనకీ గురే."

కింద గదిలో భార్య గిన్నెలకు కాగితాలు చుడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అల్లుడు కళ్ళు తొట్టి మీదే పెట్టి, "మామయ్యా, రేపు మేం వేరే ఇంటికి వెళ్తున్నాం" అన్నాడు.

మామగారు కోప్పడలేదు. చేతిలో ఉన్న సీసా మూత నెమ్మదిగా బిగించారు.

"అమ్మాయికి తెలుసా?"

"ఇల్లు తనే చూసింది."

"ఓహో." ఆయన సీసాను పిట్టగోడ మీద పెట్టారు. "వెళ్ళిపోయేవాడి మాట మీద నేను సరుకెలా అమ్మను బాబూ? రేపేదైనా తేడా వస్తే ఎవర్నడగను?" అని, మెట్ల వైపు తిరిగి గట్టిగా పిలిచారు. "ఏమేవ్! ఒకసారి పైకి రా!"

అత్తగారు మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి వచ్చింది.

"నువ్వు తొట్లో కూర్చోవాలి. అల్లుడు వెళ్ళిపోతున్నాట్ట" అన్నారు మామగారు.

ఎక్కడికని ఆవిడ అడగలేదు, ఎందుకనీ అడగలేదు. వాచీ విప్పి పిట్టగోడ మీద పెట్టింది. దాని పక్కన కళ్ళజోడు పెట్టింది. పొడుగు చేతుల జాకెట్టును మోచేతుల పైదాకా మడిచింది. అప్పుడు చూశాడు అల్లుడు. మణికట్టు నుంచి పైదాకా మచ్చలు. కాగిన నూనె చిందినట్టు కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా, అన్నీ పాతవే. ఇన్నేళ్ళలో ఆవిడ చేతుల్ని అతను ఒక్కసారీ చూడలేదు. తను ఈ ఇంటికి రాకముందు సరుకు ఎవరి ఒంటి మీదుగా బజారుకు వెళ్ళేదో అడగాలని కూడా తోచలేదు. సిగ్గుతో అతని తల వాలిపోయింది.

"నాకు అలవాటేలే బాబూ" అంది అత్తగారు అతని మొహం చూసి. "నువ్వొచ్చాకే కాస్త తెరిపిన పడ్డాను. నీ పుణ్యమే అది."

తను వెళ్తే ఈవిడ దిగుతుంది. ఈవిడ దిగకుండా ఉండాలంటే తను వెళ్ళకూడదు. ఎలాగో తలుపు తీసుకున్నానని సంబరపడితే, తలుపు వెనక గోడ కట్టి ఉంది. అతని చెయ్యి దానంతటదే చొక్కా గుండీల మీదికి పోయింది. నేనే దిగుతాలెండి అనడం ఎంత సులువు! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా. కానీ అంటే ఇక ఎప్పటికీ ఈ తొట్లోనే ఉంటాడు.

గుండీలు విప్పాడు. విప్పి, చొక్కా తీసి పక్కన పడేశాడు.

"అత్తయ్యా, మీరు దిగొద్దు. మామయ్యా, బాగాలేదు. ఇదిగో చూడండి నా ఒళ్ళు. మామూలు తొట్టిలో వేసుకుని, అయ్యాక నీళ్ళు వదిలేస్తే ఈ నూనెతో ఏ గొడవా లేదు. ఇవి పారబొయ్యని నీళ్ళు. ఆ మెకానిక్ మొదటిరోజే చెప్పాడు, మనమంతా విన్నాం." అనుకున్నట్టే మిగతావీ వెనకే వచ్చాయి. "నిమ్మ సబ్బు మండింది. గులాబీ ఉప్పుకి కళ్ళు వాచాయి. అన్నిటికీ బాగుందని అబద్ధం చెప్పాను. నా మాట నమ్మి ఎంతమంది ఒంటికి రాసుకున్నారో!"

మామగారి మొహం వాడిపోయింది. "నిన్ను నమ్మానయ్యా నేను" అన్నారు. ఆ మాట నిజమే కాబట్టి అల్లుడికి చురుక్కుమంది. ఇంకో మాట అనేలోపే కింద గేటు ముందు కారు ఆగిన చప్పుడైంది. మామగారు ఉలిక్కిపడి ఇద్దరి వైపూ చూశారు. "ఇదంతా తర్వాత మాట్లాడుకుందాం. ఈ ఒక్క పూట గట్టెక్కించండి. ఏమే, నువ్వు దిగు, పరవాలేదు."

అత్తగారు తొట్టి అంచు పట్టుకుని కాలెత్తింది.

"నాన్నా, నువ్వు దిగు."

మెట్ల పై చివర కూతురు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. భర్త ఒంటి మీది పొక్కులు చూస్తోంది, తల్లి చేతులు చూస్తోంది. గొంతు మాత్రం పెంచలేదు.

"నేనా?" మామగారు వడ్డించిన కూర వద్దన్నంత మామూలుగా చెయ్యి ఊపారు. "నా ఒంటికి ఇలాంటివి పడవమ్మా. నీకు తెలుసుగా, నేనెప్పుడూ ఉత్త నీళ్ళే పోసుకుంటాను."

అన్నాకే ఆ మాట ఆయన చెవిన పడింది. ఆ తర్వాత ఆయన ఎవరి మొహమూ చూడలేకపోయారు. హోటలాయన కింద తలుపు తడుతున్నాడు. తియ్యడానికి ఎవరూ కదల్లేదు.

అత్తగారు కాలు వెనక్కి తీసుకుంది. జాకెట్టు చేతులు సరిచేసుకోలేదు, మచ్చలు మచ్చల్లాగే ఎండలో ఉంచింది. కూతురి దగ్గరికి నడిచి వెళ్ళి అడిగింది.

"నేనూ వస్తానే అమ్మాయీ. మీ ఇంట్లో చోటుంటుందా?"

కూతురు నోరు తెరిచేలోపే అల్లుడు "ఉంటుంది" అన్నాడు.