ఐదో నట్టు

జబ్బుపడ్డ తల్లి సముద్రం చూడాలని ముచ్చటపడితే, లోపల మంచమూ పొయ్యీ ఉన్న పెద్ద బండి అద్దెకు తీసుకుని కూతురూ అల్లుడూ బయలుదేరారు. సగం దారిలో టైరు పంక్చరైంది. నాలుగు నట్లు ఊడాయి. తుప్పుపట్టిన ఐదోది మొరాయించింది.

"ఇంకో ఐదు నిమిషాలమ్మా!" అంది కూతురు.

"తొందరేం లేదే, మెల్లగా కానివ్వండి," అంది తల్లి కిటికీలోంచి.

అల్లుడు స్పానరుకి ఇనప గొట్టం తొడిగాడు. కూతురు దానిమీదెక్కి బలంకొద్దీ తొక్కింది. నట్టు కిర్రుమని కదిలింది.

"అమ్మా, వచ్చేసింది!" అంటూ లోపలికి పరుగెత్తింది.

తల్లి కిటికీకి తల ఆనించి ఉంది. ఊపిరి లేదు.

చెంప నిమరబోయి కూతురు ఆగిపోయింది. చేతుల నిండా గ్రీజు.

"బండి వెనక్కి తిప్పనా?" అన్నాడు వెనకే వచ్చిన భర్త.

"ఆగండి, ముందు చేతులు తుడుచుకోనివ్వండి," అంటూ, తుడిచిన చోటే తుడుస్తూ ఆమె భోరుమంది.