గంటా పది నిమిషాలు

నేను ఒక ఐసు పెట్టెను. నాతోపాటు తయారైన పెట్టెలు చేపల బజారుకీ కూల్‌డ్రింకుల కొట్లకీ పోతే, నన్ను కడపలోని ఒక రక్తనిధి వాళ్ళు కొన్నారు. అక్కడి టెక్నీషియన్ మస్తానమ్మ చేతుల్లో పడ్డాను. మనుషులు ఒకరి గ్లాసుతో ఒకరు నీళ్ళు తాగడానికి వెనకాడతారు గానీ, రక్తం అవసరమైతే గ్రూపు తప్ప మరేమీ అడగరు. నాకది వింతగానే ఉండేది.

పదేళ్ళ క్రితం రాజమండ్రిలో ఒక కౌలురైతుకు బాంబే గ్రూపు రక్తం కావలసివచ్చింది. లక్షల్లో ఏ కొద్దిమందికో ఉండే రక్తమది. మస్తానమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. ఐదు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. కృష్ణా నది వంతెన దగ్గరే గంటసేపు ఆగిపోయాం. పన్నెండు గంటల ప్రయాణం తర్వాత ఆసుపత్రి చేరితే నర్సు ఎదురొచ్చి, "ఇంక అక్కర్లేదండీ" అంది. మస్తానమ్మ ఆ మెట్లమీదే కూలబడింది.

మొన్న మళ్ళీ అదే ఊరి నుంచి ఉదయం ఫోన్. సత్యవేణి అనే బాలింతకు రక్తస్రావం ఆగడం లేదు. అదే గ్రూపు. "సాయంత్రం దాకా ప్రాణం నిలపగలం, ఆపైన మా చేతుల్లో లేదండీ" అన్నాడు డాక్టరు. రాళ్ళ గనిలో పనిచేసే ఓబులేసు, అతని చెల్లెలు ఇచ్చిన రెండు సంచుల రక్తం మా దగ్గర నిలవ ఉంది. ఈసారి విమానం దొరికింది.

"ఏముందమ్మా ఇందులో?" అన్నాడు విమానాశ్రయంలో తనిఖీ ఉద్యోగి. ఆమె కాగితాలు చూపించి, "ఒక తల్లి పానముంది సార్. నిదానంగా దించు" అంది. అతను రెండు చేతులా పట్టుకుని దించాడు.

విమానంలో మస్తానమ్మ ముందు సీటు కింద పెట్టి, రెండు పాదాల మధ్య నన్ను అదిమి పట్టుకుంది. ఇంజన్ల హోరుకు నా గోడలు వణికాయి. కిటికీలోకి చూస్తున్నదల్లా హఠాత్తుగా వంగి, నా మూతమీద చెయ్యేసింది.

"కృష్ణమ్మే! అబ్బా, దారం పోగు మాదిరి ఉండాదే! రెప్పేసే లోపల దాటిపాయ!"

గాలిదారిన నాలుగు వందల ముప్పై కిలోమీటర్లు. గంటా పది నిమిషాలు. దిగాక కూడా ఆమె నమ్మలేక గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

రెండు సంచులూ సత్యవేణి ఒంట్లోకి ఎక్కాయి. మర్నాడు ఉదయం ఆమె కళ్ళు తెరిచింది.

"ఎవరి రక్తమండీ?"

"మా ఊరి కాడ రాళ్ళు కొట్టే అన్నాచెల్లెండ్లది."

"మీ ఊరు బాగా దూరమాండీ?"

మస్తానమ్మ వంగి పక్కన నిద్రపోతున్న పసిగుడ్డు పొత్తిగుడ్డ సర్దింది.

"ఇప్పుడు దగ్గరే తల్లీ" అంది.