డాక్టరు చూశారు

ఆ ఆరోగ్య కేంద్రానికి ఉన్నది ఒక్క డాక్టరు. బెంచీల మీద రోజుకు నూటపాతిక మంది. ఇంకో డాక్టరునివ్వండి మహాప్రభో అని పెద్ద సిస్టరు రెండేళ్ళుగా పైఆఫీసు వాళ్ళ ముందు నెత్తీ నోరూ కొట్టుకుంటోంది. వింటేగా!

వినరు గానీ తిట్టడానికి మాత్రం ముందుంటారు. పేరు రాయించుకున్న మనిషిని డాక్టరు అరగంటలోపు చూడకపోతే కంప్యూటర్లో ఆ పేరు ఎర్రబడుతుంది. ఎర్రబడిందా, పైనుంచి ఫోను. ఆ తిట్లు పడలేక సిస్టరు ఓ ఉపాయం పట్టింది. ఇరవై నిమిషాలకోసారి బెంచీ మీదున్న అందరికీ ‘డాక్టరు చూశారు’ అని నొక్కేసేది. మనుషులు మాత్రం అక్కడే కూర్చునుండేవాళ్ళు, పాపం.

చివరికి పైఆఫీసు ఒకాయన్ని పంపింది. కంప్యూటర్లో ఏది ఎప్పుడు నొక్కారో ఆ టైములన్నీ తోడి, గుమ్మం నుంచి మందుల కిటికీ దాకా రోగి ఎక్కడ ఎంతసేపు ఆగాడో బొమ్మ గీస్తాడట. సిస్టరుకి ప్రాణం లేచొచ్చింది. తన మాట వినకపోయినా యంత్రం మాటైనా వింటారు కదా! ఆయనకి టీ తెప్పించింది, తన కుర్చీ కూడా ఇచ్చేసింది.

నాలుగోరోజు ఆయన తెర ఇటు తిప్పాడు. “శభాష్ సిస్టర్! డాక్టరు దగ్గర ఆలస్యమే లేదు, సగటున పది నిమిషాలు. రెండో డాక్టరు అక్కర్లేదు. చూశాక మందులు చేతికి రావడానికే మూడు గంటలు. మీ మందులాయనే కొంప ముంచుతున్నాడు.”

“అయ్యో, అతను కాదండీ...”

“అంటే టైములు దొంగవా? అయితే నొక్కిన వాళ్ళ ఉద్యోగం పోతుంది. ఎవరు నొక్కేది?”

సిస్టరు ఖాళీ టీ గ్లాసు అందుకుంది. “ఏదో మాట వరసకన్నానండీ” అంది. ఛీ, ఏం బతుకు అనుకుంది.

వారానికి మందులాయనకి కాగితం వచ్చింది, ఉద్యోగం నుంచి ఆపేస్తున్నామని. పదేళ్ళుగా పక్క కిటికీలో పనిచేస్తూ, సిస్టరు అన్నం డబ్బాలోంచి తినే మనిషి. కాగితం పట్టుకుని వచ్చాడు.

“మూడు గంటలట అక్కా! చీటీ తెచ్చినవాళ్ళని మూడు నిమిషాలైనా ఆపానా? అన్నీ చూసినదానివి, నువ్వైనా చెప్పక్కా వాళ్ళకి.”

అతని కళ్ళలోకి చూడలేక సిస్టరు తెరవైపు తిరిగింది. ఎనిమిది పేర్లు ఎర్రబడబోతున్నాయి.

“చెప్తాన్లే తమ్ముడూ” అంటూనే ఎనిమిదింటికీ ‘డాక్టరు చూశారు’ అని నొక్కింది. ఇక కంప్యూటర్ లెక్కలో ఆ ఎనిమిది మందికీ ఆలస్యం అతని కిటికీ దగ్గరే.