తెల్లగీత మీద మనిషి

చెరువులో రొయ్యల పట్టుబడి ముగించుకుని వస్తున్న నూకాలమ్మ చీర ఇంకా ఆరలేదు. మొగుడు ముత్యాలరాజు బండి నడుపుతుంటే వెనక కూర్చుని నిద్రకు తూగుతోంది. రాజోలు దాటాక హైవే మీద పోలీసులు ఆపారు. ముత్యాలరాజు చేత గొట్టంలో ఊదించారు. నడుంలోతు నీళ్లలోంచి పైకి రాగానే అతను గట్టు మీదే తాగాడు. కాదనడానికి లేదు.

కానిస్టేబుల్ విజయ్ కుమార్ బండి తాళం లాక్కున్నాడు.

"ఎస్సైగారు వచ్చేదాకా అక్కడ కూర్చో. కదిలేవంటే ఇంకో కేసు పడుద్ది."

అక్కడ అంటే రోడ్డంచున తెల్లగీత. జీపును మాత్రం కిందికి దించి, చెట్టు నీడన పెట్టుకున్నారు. ముత్యాలరాజు గీత మీద చతికిలబడి మోకాళ్ల మీద తల వాల్చాడు. కొబ్బరికాయల లారీలు పక్కనుంచి పోయినప్పుడల్లా అతని చొక్కా ఎగిరి పడుతోంది.

"బాబుగారూ, బళ్లు రాసుకుపోతన్నాయండి. ఆ జీపు పక్కన కూర్చోబెట్టండి," అంది నూకాలమ్మ.

"తాగొచ్చినోడికి నీడ కూడా కావాలేంటమ్మా? నువ్వు అడ్డం రాకు."

ఆమె వెళ్లి మొగుడి రెక్క పట్టుకుని లాగింది. అతను విడిపించుకున్నాడు.

"కదలొద్దన్నారు కదే. ఉండు."

చేసేది లేక ఆమె వెనక్కి వచ్చింది. ఆగిన బస్సును తప్పించబోయి ఓ వ్యాను అంచుకు దూసుకొచ్చింది. అందరూ ఒక్కసారిగా పరిగెత్తడం ఆమెకు కనిపించింది. చప్పుడేదీ వినిపించలేదు.

అమలాపురంలో ఆసుపత్రి వరండాలో ఎవరో టీ ఇస్తే తాగేసింది. వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు. రొయ్య ముల్లు దిగిన వేలిని గోకుతూ బెంచీ మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. రావాలని కూడా అనిపించలేదు.

ఎస్సై వచ్చి పక్కన కూర్చున్నాడు. గొంతు మెత్తగానే ఉంది.

"జరిగింది జరిగిపోయిందమ్మా. అడిగినవాళ్లకి మనం ఒకే మాట చెప్పాలి. మీ ఆయన తాగేడు కదా?"

"ఆయ్. తాగేడండి."

"మావాళ్లని చూసి భయపడ్డాడు."

"ఆయ్. బయపడ్డాడండి."

"అందుకే లేచి పరిగెత్తేడు. వ్యాను కింద పడ్డాడు."

నూకాలమ్మ తలెత్తింది. గోడవారగా విజయ్ కుమార్ నిలబడి ఉన్నాడు. పాతికేళ్లు కూడా ఉండవు. ఆమె చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"లేదండి," అంది. "కూర్చోమన్నారు. కూర్చున్నాడండి."

"నీకు తెలీడం లేదమ్మా. నువ్విలా మాట్లాడితే బాడీ ఇవ్వడం ఆలస్యమవుద్ది. రేపవ్వచ్చు, ఎల్లుండవ్వచ్చు. అప్పటిదాకా ఇక్కడే పడుంటావా?"

"ఉంటానండి."

అతను లేచి నిలబడ్డాడు. నూకాలమ్మ కాళ్లు బెంచీ మీదికి ముడుచుకుని, వెనక్కి గోడకు ఆనుకుంది.