రెండు కలాలు

కిషన్‌రావు జేబులో ఎప్పుడూ రెండు కలాలుండేవి. సిఫారసు కాగితం మీద ఆకుపచ్చ సిరాతో రాస్తే ఆ పని చేయాలి. నీలి సిరాతో రాస్తే పక్కన పెట్టాలి. ఈ ఏర్పాటు కరీంనగర్ ఆఫీసుల్లో, మందమర్రి గనుల్లో అధికారులందరికీ తెలుసు. కాగితం మోసుకొచ్చేవాళ్లకు తెలియదు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జైలుకు పోయినవాడు ఎనభై మూడులో మంత్రి అయ్యాడు. ఎనభై తొమ్మిదిలో ఓడిపోయాడు. ఖాళీగా ఉంటే ఊరుకోడని మరుసటి ఏడు ఢిల్లీ పెద్దలు ఆయన్ను గల్ఫ్‌లో ఒక దేశానికి రాయబారిగా పంపారు.

సెలవు మీద కరీంనగర్ వచ్చినప్పుడు మందమర్రి నుంచి ఐలవ్వ వచ్చింది. ప్లాస్టిక్ కవరులోంచి, మంత్రిగా ఉన్నప్పుడు ఆయన రాసిచ్చిన పాత కాగితం తీసింది. కొడుకు రాయమల్లుకు గనిలో ఉద్యోగం ఇవ్వమని. నీలి సిరా.

పక్కనున్న పీఏ హనుమండ్లు సిరా చూసి కిటికీ వైపు తిరిగాడు.

"గీ చిట్టి పట్టుకొని ఏడాది తిరిగిండు దొరా. నౌకరి రాలే. గల్ఫ్ పోయిండు. నువ్వున్న దేశమేనట. సేటు పాస్‌పోర్టు గుంజుకున్నడు. బాపు సచ్చినా రాలే. వచ్చే నెల సంవత్సరీకం. గప్పటికన్న పంపు."

"ఇంకో చిట్టి రాస్త, ఫికర్ చెయ్యకు."

"చిట్టి వద్దు దొరా. ఉన్నదే మంచిగుంది, చినగలే. నువ్వే పోయి అడుగు."

తిరిగి వెళ్లాక కిషన్‌రావు అక్కడి కార్మికశాఖ అధికారి దగ్గరికి స్వయంగా వెళ్లాడు. అధికారి ఖర్జూరాలు పెట్టించి, కాఫీ పోయించి, అంతా విన్నాడు. అతని జేబులోనూ రెండు కలాలున్నాయి. ఒకటి తీసి, కిషన్‌రావు తెచ్చిన అర్జీ మీద నాలుగు మాటలు రాశాడు. నీలి సిరా. గుమాస్తా దాన్ని చూసి, ఏమీ అడగకుండా పట్టుకుపోయాడు.

"వారంలో అయిపోతుంది," అన్నాడు అధికారి.

ఆ మాట తాను ఎందరితో అన్నాడో కిషన్‌రావుకు లెక్క లేదు. విన్నవాళ్లంతా దండం పెట్టి లేచిపోయేవారు. ఆయన లేవలేదు. రెండో కప్పు కాఫీ వచ్చింది. అదీ తాగాడు.

"ఇంకేమైనా ఉందా?"

"ఆ రెండో కలంతో రాయండి."

అధికారి తన జేబు వైపు చూసుకున్నాడు.

"ఇక్కడికి రాకముందు మీరేం చేసేవారు?"

"మంత్రిని."

అధికారి గుమాస్తాను వెనక్కి పిలిచాడు.

సంవత్సరీకానికి రెండు రోజుల ముందు రాయమల్లు మంచిర్యాలలో రైలు దిగాడు.