మాస్టారు నేర్పిన నడక

డిసెంబరు చలికి గడ్డకట్టిందని పిట్టగోడ మీద ఎండకి పెట్టిన కొబ్బరినూనె సీసా మళ్లీ కనపడలేదు. తబిత దువ్వెన చేత్తో పట్టుకునే వీధిలోకి వచ్చి, సైకిలెక్కబోతున్న భర్తని ఆపింది.

"తలకి రాసుకునే నూనె ఆ ఆర్గను పెట్టెకి పోస్తారేంటండీ? దానికేవన్నా జడ వెయ్యాలా?"

"కిర్రుమంటుందే. ఇవాళ మాస్టారిని సమాధికి తీసుకెళ్లేది," అన్నాడు ఏసురాజు. సీసా అప్పటికే సైకిలు సంచిలో ఉంది.

ఏసురాజు కాలవ మీద లస్కరు. నీళ్లు వదిలే తలుపుల చక్రం తిప్పి తిప్పి వేళ్లు మొద్దుబారాయి. ఆ వేళ్లకే చిన్నప్పుడు జ్ఞానప్రకాశం మాస్టారు లూథరన్ చర్చిలోని కాలితో తొక్కే ఆర్గను నేర్పారు. ఊళ్లో క్రైస్తవులెవరు పోయినా, శవపేటిక చర్చి గుమ్మం దాటేటప్పుడు వాయించే స్వరం ఒకటుంది. బాక్ అనే జర్మనీ ఆయన మూడొందలేళ్ల కిందట కట్టాడని మాస్టారు చెప్పేవారు. మోసేవాళ్లు దానికి అడుగులు కలుపుతారు. అది వినపడితే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడతారు.

కిందటి వారం కూతురు రూబీ ఫోన్లో అదే స్వరం వినిపించింది. గంతులేసే వేగం. చావుకి కట్టింది కాదట, దొరలూ దొరసానులూ చేతులు పట్టుకుని ఆడే ఆటకట. చెబుతూ రూబీ నవ్వింది, తండ్రి మొహం చూసి ఆపేసింది. ఆ సంగతి చర్చి పెద్దలదాకా పోయింది. కొత్త కీబోర్డు ఎలాగూ వచ్చింది, కుర్రాడు అనిల్ కుమార్ వాయిస్తాడు, మీరు ఇక విశ్రాంతి తీసుకోండన్నారు. మాస్టారి కార్యక్రమం అయ్యాక మీ మాట చెప్పండన్నారు.

ప్రార్థన ముగిసి పేటిక లేచింది. నూనె పడిన తొక్కుడుచెక్కలు చప్పుడు చెయ్యలేదు. మాస్టారికైనా సరిగ్గా వాయించాలని, ఏసురాజు ఫోన్లో విన్న వేగంతోనే ఎత్తుకున్నాడు. ముందువైపు మోస్తున్న ఆశీర్వాదం అడుగు తప్పింది. పేటిక ఒక పక్కకి ఒరిగింది. మాస్టారి కూతురు దీనమ్మ గారు ఆర్గను వైపు తిరిగి చూశారు, అంతే. ఏసురాజు కాళ్లూ వేళ్లూ వాటంతటవే నెమ్మదించాయి. అడుగులు మళ్లీ కలిశాయి. పేటిక గుమ్మం దాటి ఎండలోకి వెళ్లిపోయింది.

స్నానాలయ్యాక ముగ్గురూ అన్నాలకి కూర్చున్నారు. చారు కలుపుకుంటూ ఏసురాజు చెప్పాడు.

"ఆదివారాలు అనిల్ వాయిస్తాడు. చావు రోజు మాత్రం నేనే. మెల్లగానే. పెద్దలకి చెప్పొచ్చాను."

"అలా వాయించడం తప్పు కదా నాన్నా?" అంది రూబీ.

"తప్పే," అన్నాడు. "మొయ్యాలి కదమ్మా."

తబిత నూనె సీసా ఏదని అడిగింది. అక్కడే ఉంచేశానన్నాడు. ఆమె మజ్జిగ గిన్నె అతని వైపు జరిపింది.

తాళం వేసిన చర్చిలో, ఆర్గను కింద తొక్కుడుచెక్కల పక్కన, సీసాలో మిగిలిన నూనె చలికి అంచుల నుంచి మెల్లగా తెల్లబడుతోంది.