ఆర్విల్ బండి

లైసెన్సు ఆఫీసు గోడమీది అక్షరాలు మూడో వరసలో మసకబారాయి. అంతటితో వెండెల్ కారు నడిపే హక్కు పోయింది. ఇకమీదట రొట్టె తెచ్చుకోవాలన్నా, మందులు తెచ్చుకోవాలన్నా ఒకరి గడప ఎక్కి అడగాలి. అడగడం కన్నా పస్తుండడం నయమనుకునే మనిషి. ఫ్లోరిడాలోని ఆ వృద్ధుల కాలనీలో పదకొండేళ్ళుగా ఉంటున్నాడు. ఎవరినీ చిటికెడు ఉప్పు అడగలేదు. ఎవరికీ పెట్టనూ లేదు.

కాలనీ లోపల గోల్ఫ్ కార్టు, అదే ఆ చిన్న బ్యాటరీ బండి, నడపడానికి లైసెన్సు అక్కర్లేదు. ఇంటికొకటి ఉంది. గోల్ఫ్ ఆడేది పదిమందిలో ఇద్దరు. మిగిలినవాళ్ళు చర్చికీ, ఈత కొలనుకీ, అంత్యక్రియలకీ అందులోనే పోతారు. అక్కడ మొహాలు ఎవరికీ గుర్తుండవు, బండ్లు గుర్తుంటాయి. బండిని చూసే చేతులూపుతారు. వెండెల్ మాత్రం కొనలేదు. "కాళ్ళున్నది నడవడానికే" అని భార్య లొరెయిన్ అడిగినప్పుడల్లా చెప్పాడు. ఆమె పోయి రెండేళ్ళయింది.

నెల క్రితం ఆర్విల్ అనే ఆయన పోయాడు. ఆయన బండి అమ్ముతానని భార్య నోరీన్ క్లబ్బు గోడకి కాగితం అంటించింది. వెండెల్ వెళ్ళి చూశాడు.

"నారింజ రంగేమిటి, సర్కస్ బండిలా?"

"ఆయన ముచ్చట. నచ్చకపోతే రంగు మార్చుకో."

"రెండు సీట్లెందుకు? నాకొకటి చాలు."

"రెండోది ఊడదీసి ఇక్కడే పడేసి పో. పిల్లి పడుకుంటుంది."

బేరమాడాడు. నోరీన్ తగ్గించింది. దయతో కాదు, అతన్ని తొందరగా వదిలించుకోవడానికి.

బండి రోడ్డెక్కగానే ఎదురుగా వచ్చేవాళ్ళు చేతులెత్తారు. దగ్గరికి వచ్చి, నడిపేది ఎవరో చూసి దించేశారు. మంచిదే అనుకున్నాడు వెండెల్. తనకి కావలసింది చక్రాలు, పలకరింపులు కావు.

ఉత్తరాల పెట్టెల దగ్గర ఒక ముసలావిడ చేతికర్ర అడ్డం పెట్టింది. యూనిస్. ఎనభై ఎనిమిదేళ్ళు, రెండు కళ్ళకీ శుక్లాలు. బండి ఆగీ ఆగకముందే పక్కసీట్లో కూలబడింది.

"ఏమయ్యా ఆర్విల్! రెండు నెలలు ఒహైయోలో కూతురి దగ్గరుండి నిన్ననే వచ్చాను. పలకరించవేం? పద, ఎండ చంపేస్తోంది."

రంగు చూసి ఎక్కిందన్నమాట. చావు కబురు ఆమెకి ఇంకా చేరలేదు. వెండెల్ నోరు తెరిచాడు. ఆమె సందు ఇవ్వలేదు.

"ఈ సీట్లో కూర్చుంటే లొరెయినే గుర్తొస్తుందయ్యా. పెళ్ళాం మోకాళ్ళు అరిగిపోయినా బండి కొనని ఆ మొండిఘటంతో ఎట్లా కాపురం చేసిందో! నువ్వు కాబట్టి తొమ్మిదేళ్ళు తిప్పావు."

బండి పచ్చికలోకి దిగి మళ్ళీ రోడ్డెక్కింది.

"చూసి నడుపు! ఇంటికి రెండిళ్ళ ముందే దిగేది కదూ, పాపం? ఆయన కిటికీలో కాపలా ఉంటాడని. నీ సీసాలో నీళ్ళు మొహాన చల్లుకుని, చెమట పట్టినదానిలా ఆయాసపడుతూ పోయేది. నువ్వొచ్చి చెబుతుంటే నవ్వాపుకోలేక చచ్చేదాన్ని."

ఆ తడిమొహం వెండెల్‌కి తెలుసు. తలుపు తీస్తూ ప్రతిసారీ "చూశావా, నడక ఒంటికి మంచిది" అనేవాడు. "నిజమే" అనేది లొరెయిన్. తొమ్మిదేళ్ళు అన్నది.

ఎవరి సాయమూ ఎరగని ఇల్లు తనదని ఇన్నాళ్ళూ తల ఎత్తుకు తిరిగాడు. ఆ ఇంటిమనిషి రోజూ పరాయివాడి సాయంతోనే ఇల్లు చేరింది. ఆ ఋణం తీర్చుకుందామంటే ఇద్దరూ లేరు. ఇద్దరిలో ఎవరినీ అతను క్షమించలేకపోయాడు.

యూనిస్ ఇంటి ముందు ఆపాడు. ఆమె దిగింది.

"నేను ఆర్విల్ని కాదు," అన్నాడు. "ఆర్విల్ పోయి నెలయింది. నేను వెండెల్ని."

ఆమె కర్ర పట్టుకుని దగ్గరికి వచ్చి, అతని మొహంలో మొహం పెట్టి చూసింది. అన్న మాటలకి సిగ్గుపడలేదు. వాకిట మెట్టు మీద కూర్చుని ఆర్విల్ కోసం కాసేపు ఏడ్చింది. వెండెల్ బండి కదిలించలేదు, దిగనూ లేదు.

ముక్కు తుడుచుకుని ఆమె లేచింది.

"రేపు పదింటికి కళ్ళ డాక్టరు దగ్గరికి పోవాలి, కాలనీ గేటు లోపలే. నువ్వు తీసుకెళ్తావా, ఇంకెవర్నన్నా చూసుకోనా?"

తను పస్తున్నా అడగలేని మాట. నీళ్ళు తాగినంత తేలిగ్గా అడిగేసింది.

"తొమ్మిదిన్నరకి వస్తాను," అన్నాడు వెండెల్. "వాకిట్లో ఉండకపోతే వెళ్ళిపోతాను."

"పో, చూద్దాం," అంటూ యూనిస్ తలుపేసుకుంది.